సువర్చల నడుముకు ఆరు వారాలు

నేను ఒక బిగుతు తొడుగును. ఒంట్లో కొవ్వు తీయించుకున్నవాళ్లు ఆపరేషన్ తర్వాత వేసుకునేదాన్ని. తిరుప్పూరులో ఒకామె నాకు వరసగా ఇరవై నాలుగు హుక్కులు కుట్టింది. మనుషులు తిని పెంచుకున్నదాన్ని అదిమిపెట్టడమే నా బతుకనుకున్నాను. సువర్చల విషయంలో పొరబడ్డాను.

సువర్చల కాకినాడలో బస్సు కండక్టరు. మూడేళ్ల కిందట, ఎనిమిదో నెలలో ఆమెకు ఆడపిల్ల పుట్టింది, ప్రాణం లేకుండా. పిల్ల పోయింది, పొట్ట మిగిలింది. ఇక రోజూ బస్సులో ఎవరో ఒకరు "ఎన్నో నెలమ్మా?" అని ఆప్యాయంగా అడగడమే. మనుషుల ఆప్యాయతకు కళ్లుండవు. ఆమె ఆరనో ఏడనో చెప్పి టికెట్టు చేతిలో పెట్టేది.

చివరికి సీమంతానికి పుట్టింటివాళ్లు పెట్టిన బంగారు గాజులు అమ్మి ఆస్పత్రికి వెళ్లింది. డాక్టరమ్మ నన్ను ఆమె చేతికిచ్చి, ఏమీ దాచకుండా చెప్పింది.

"ఇది బరువు తగ్గే ఆపరేషన్ కాదమ్మా. సన్నటి గొట్టంతో ఆ చోటున్న కొవ్వు లాగేస్తాం, అంతే. వాపు ఉంటుంది, ఒళ్లు కమిలిపోతుంది. కొన్నాళ్లు అక్కడ స్పర్శ తెలియదు. దీన్ని ఆరు వారాలు వేసుకోవాలి. అసలు ఆకారం తేలడానికి నెలలు పడుతుంది."

"ఇంకెవరూ అడక్కుండా ఉంటే చాలండి," అంది సువర్చల. ఏమడగకుండానో డాక్టరమ్మకు అర్థం కాలేదు.

ఆపరేషనైన మూడోరోజుకు పొట్ట మునుపటికన్నా ఉబ్బింది. గాట్లలోంచి కారిన ఎర్రటి నీరు నాకంటింది. ఆస్పత్రిలో చూపించుకుని ఆటోలో తిరిగొస్తుంటే పక్కనున్న ముసలామె "నెలలు నిండేయా తల్లీ?" అంది. సువర్చల చీర చెంగు నోట్లో కుక్కుకుంది.

నన్ను తొడగాలంటే ఇద్దరు కావాలి. భర్త వీర్రాజు రోజూ పొద్దున్నే మోకాళ్ల మీద కూర్చుని హుక్కులు పెట్టేవాడు. పిల్ల పోయాక ఆ ఇంట్లో ఆ ఊసెత్తినవాళ్లు లేరు. అతను భార్య పొట్ట వంక చూసిందీ లేదు. పన్నెండో రోజున హుక్కు వదిలేసి, కుడివైపు అరచెయ్యి ఆనించాడు.

"ఏంటండీ, ఆగిపోయేరు?"

"ఇక్కడే తన్నేది," అన్నాడు.

ఆమె కిందికి చూసింది. "చెయ్యెట్టేరా? నాకేం తెలవట్లేదండి." అప్పుడు ఏడ్చింది, మూడేళ్ల ఏడుపూ ఒక్కసారే. అతను చెయ్యి తీయలేదు.

నాలుగో వారంలో యూనిఫాం కింద నన్ను వేసుకుని డ్యూటీకెక్కింది. రామచంద్రపురం దాకా ఎవరూ ఏమీ అడగలేదు. దానికోసమే కదా ఇంత బాధపడింది! అయినా ప్రతి సీటు దగ్గరా ఒక్క క్షణం ఎక్కువ నిలబడింది.

ఆరో వారం చివర్లో ఒక నిండు చూలాలు ఎక్కితే, ఎవరినో లేపి ముందు సీటు ఇప్పించింది. ఆమె చెమట తుడుచుకుంటూ "మీకు పిల్లలెంతమందండీ?" అంది.

నా లోపల సువర్చల ఊపిరి ఆగింది. "ఒక పాపండి."

"ఏం చదువుతుందండీ?"

సువర్చల ఆమె పొట్ట వంక చూసింది. నిజం చెప్పడానికి నోరు రాలేదు.

"మూడేళ్లేనండి. ఇంకా బళ్లో వెయ్యలేదు."

ఆ సాయంత్రమే నన్ను విప్పేసింది. ఇప్పుడు పాతగుడ్డల మూటలో ఉన్నాను. బాగా సాగిపోయాను. ఇక ఎవరినీ పట్టి ఉంచలేను.