కళేబరానికి సాక్షి సంతకం

ఫినాయిల్ సారుకు కంపంటే చచ్చేంత అసహ్యం. ముప్పై మూడేళ్లు పురపాలక సంఘంలో శానిటరీ ఇన్‌స్పెక్టరుగా చేసి, సందుల్లో చచ్చిన కుక్కల్నీ పందుల్నీ ఎత్తించి, కాలవల నిండా ఫినాయిల్ పోయించిన మనిషి. ఆ పేరు అలా వచ్చిందే. అలాంటివాడు రిటైరై అక్క పంచన చేరితే, ఆవిడ చేస్తున్న ఘనకార్యం ఏమిటయ్యా అంటే, చచ్చిన పశువుల్ని కోరి తెప్పించుకుని తన పొలంలో బండ మీద కుళ్ళబెట్టడం!

అక్కకు ఎనిమిదెకరాల రాతినేల ఉంది. పశువుల ఆసుపత్రి ల్యాబులో ఉద్యోగం అయిపోయాక, ఎక్కడినుంచో వచ్చి ఆ నేలలో పాతుకుపోయిన ముళ్ళపొదల్ని వేళ్ళతో సహా పీకించింది. అక్కడ మొదటినుంచీ పెరిగే చెట్లను వాటి మానాన వదిలేసింది. ఊరకుక్కలు చొరబడకుండా చుట్టూ కంచె వేయించింది. ఇంత హడావిడీ ఎదుటి కొండచరియలో గూడు పెట్టుకున్న ఒక్క రాబందుల జంట కోసం. చుట్టుపక్కల మిగిలింది ఆ జంటే. ఈ ఏడు గూట్లో ఒక పిల్ల కూడా ఉంది.

"తిండి దొరక్కపోతే అవి ఈ కొండ వదిలేసి పోతాయిరా. మళ్ళీ రావు" అనేది అక్క.

"పోతే పీడా విరగడవుతుంది. ఆ బోడి మెడ చూస్తేనే నాకు అన్నం దిగట్లేదు."

"నీ మొహం చూస్తూ నేను తినట్లేదూ?"

అక్క దగ్గర ఒక్క నియమం మాత్రం కచ్చితం. పశువును తెచ్చినవాళ్ళు, చచ్చేముందు దానికి నొప్పి తగ్గించే ఇంజెక్షన్ వేయించలేదని కాగితం మీద రాసివ్వాలి. కింద ఇంకొకరు సాక్షి సంతకం పెట్టాలి. ఆ కాగితం లేనిదే ఎంత దగ్గరి చుట్టం తెచ్చిన పశువైనా గేటు దాటదు.

ఒక మధ్యాహ్నం అక్క పనిమీద టౌనుకు వెళ్ళింది. సరిగ్గా అప్పుడే సారు బావమరిది, డెయిరీ నడిపేవాడు, ట్రాలీలో గేదెను వేసుకుని దిగాడు.

"బావా, కాస్త పుణ్యం కట్టుకో. గొయ్యి తవ్విద్దామంటే మిషను దొరకట్లేదు. రాత్రి చచ్చింది, అప్పుడే ఉబ్బిపోతోంది."

"ఇంజెక్షన్ ఏమైనా వేయించావా?"

బావమరిది గొంతు తగ్గించాడు. "కాలు వాచి లేవలేకపోతే మొన్న ఒకటి వేయించా. ఒక్కటంటే ఒక్కటే బావా! అంత గేదెలో అదెంత? అక్కయ్యగారితో అనకు."

సారు గేదె వంక చూశాడు. ముక్కుల నిండా ఈగలు, నోటి పక్కన పచ్చటి నురగ. ఎంత తొందరగా ఇక్కణ్ణుంచి బయటపడితే అంత మేలనిపించింది. అయినా తన సర్వీసులో ఇలాంటి కాగితాలు ఎన్ని చూడలేదు! వంటగదిలో అడుగు పెట్టకుండానే ఎన్ని హోటళ్ళకు 'శుభ్రంగా ఉంది' అని గిలికి పారేయలేదు! జేబులోంచి పెన్ను తీసి, బావమరిది రాసిచ్చిన కాగితం కింద సాక్షి సంతకం పెట్టేశాడు. పనివాళ్ళు గేదెను బండ మీదికి ఈడ్చేశారు. బావమరిది చేతులు దులుపుకుని వెళ్ళిపోయాడు.

సాయంత్రం అక్క ఆ కాగితం చదివి, అడుగున తమ్ముడి సంతకం చూసి మురిసిపోయింది. "నువ్వు పెట్టావంటే ఇంక నేను చూసుకోనక్కర్లేదురా" అంది. ఆ మాట ఎక్కడో గుచ్చుకుంది గానీ, కాఫీ తాగేసరికి సర్దుకుంది.

మర్నాడు పొద్దున టిఫిన్ తింటూ, ఊరికే అడుగుతున్నట్టు అడిగాడు. "అవునక్కా, ఆ ఇంజెక్షన్ వేసిన పశువును తింటే మాత్రం ఏమవుతుంది?"

"నాలుగేళ్ళ కింద అలాంటిదాన్ని తిన్న రాబందు ఒకటి ఇక్కడే పడిపోయి దొరికింది. డాక్టరుగారూ నేనూ కోసి చూశాం. గుండె మీదా కాలేయం మీదా తెల్లగా సుద్ద పేరుకుపోయి ఉంది, గోడకి సున్నం కొట్టినట్టు. మూత్రపిండాలు పాడై, బయటికి పోవాల్సిందంతా ఒంట్లోనే గడ్డకట్టింది. మెడ వేలాడేసుకుని రెండు రోజులు అలాగే కూర్చుని చచ్చిపోయింది పాపం."

"చాలా తిని ఉంటుంది."

"కొంచెం తిన్నా చాలురా."

సారు నోట్లో ముద్ద నోట్లోనే ఉండిపోయింది. లేచి వెళ్ళి సింకులో ఉమ్మేశాడు. జన్మలో ఎన్ని కుళ్ళు చూసి చీదరించుకున్నాడో లెక్కలేదు. తన చేతి రాత తలుచుకుని డోకు రావడం ఇదే మొదలు. అప్పుడైనా నోరు విప్పి చెప్పొచ్చు. చెప్పలేదు, చేతగాని వెధవ. ఈలోగా పెరట్లో పెద్ద నీడ ఒకటి నేలమీదుగా సాగిపోయింది.

"వచ్చేశాయి!" అంటూ అక్క బైనాక్యులర్ కోసం లోపలికి పరిగెత్తింది. సారు చెప్పులు కూడా వేసుకోకుండా బండ వైపు పరుగు తీశాడు.

వెళ్ళేసరికి ఒకటి వాలనే వాలింది. గేదె వెనకభాగంలోకి మెడ దూర్చి, ఎర్రటి ముక్క ఒకటి లాగి మింగింది. ఇంకోటి లాగింది. సారు కేకలు వేశాడు, రాళ్ళు విసిరాడు. అది రెండు గెంతులు వెనక్కి వేసి, ఆకలి కొద్దీ మళ్ళీ ముందుకు వచ్చింది. పైన రెండోది తిరుగుతోంది. ఇంక లాభం లేదని సారు గేదె మీదికి ఎక్కి అడ్డంగా పడుకున్నాడు. కింద పొట్ట బుస్సుమంది. వెచ్చటి రసం చొక్కాలోకి ఇంకింది. ఊతం కోసం పెట్టిన చెయ్యి మెత్తగా లోపలికి దిగబడింది. అక్కడే భళ్ళున కక్కుకుని, ఆ కక్కులోనే కాళ్ళూ చేతులూ విదిలిస్తూ అరిచాడు. పక్షి లేచి కొండవైపు వెళ్ళిపోయింది. రెండోది కూడా దాని వెంటే తిరిగింది.

అక్క ఆయాసపడుతూ వచ్చింది. "ఒరేయ్! నీకేమైనా పిచ్చి పట్టిందా? మూడు వారాలుగా వాటికి సరైన తిండి లేదురా! నీ ఫినాయిల్ బుద్ధి పోనిచ్చుకున్నావు కాదు!"

"దీనికి ఇంజెక్షన్ వేశారక్కా. నాకు ముందే తెలుసు. తెలిసే పెట్టాను సంతకం."

అక్క వేస్తున్న అడుగు ఆపేసింది. ఎన్నో పశువులు ఆ బండ మీద కుళ్ళినా ఏనాడూ ముక్కు మూసుకోని మనిషి, తమ్ముడి వంక చూస్తూ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది.

"తిన్నదా?"

లేదు అనే మాట నాలిక చివర సిద్ధంగా ఉంది. అలవాటైన మాట. సారు దాన్ని మింగేశాడు.

"రెండు ముక్కలు తిన్నది. నేను చూసినంతవరకు."

అక్క మెడలో బైనాక్యులర్ తీసి, గబ్బు కొడుతున్న అతని చేతిలో పెట్టింది. కొండకు వీపు తిప్పి నిలబడింది.

"గూటి మీద వాలినట్టుంది. నాకు కళ్ళు కనబడట్లేదు. నువ్వే చూసి చెప్పు. ఉన్నది ఉన్నట్టు చెప్పు."

సారు చేతులు తుడుచుకోకుండానే బైనాక్యులర్ కళ్ళకు ఆనించాడు. గూడు కనిపించింది. పెద్దది రెక్కలు ముడుచుకుని కూర్చుంది. బూడిదరంగు పిల్ల మెడ సాచి, దాని ముక్కు కింద నోరు తెరుచుకుని ఉంది.

"ఏం చేస్తోందిరా?"

"మింగింది కక్కి..." సారు బైనాక్యులర్ దించాడు. "పిల్లకి పెడుతోందక్కా."