ఇరవై ఆరో నంబరు గడిలో చుక్క

నేను ఒక హాజరు పట్టీని. తొమ్మిదో తరగతి, బి సెక్షన్. పెమ్మాడి నూకరత్నం బడికి రాకుండా పోయిన మొదటి రోజు నవంబరు పన్నెండు, మంగళవారం. ఆ రోజు ఇరవై ఆరో నంబరైన ఆమె పేరుకు ఎదురుగా ఎవరూ గైర్హాజరు వెయ్యలేదు. ఒక చుక్క పెట్టారు.

ఆ చుక్క సంగతి చెప్పాలంటే ముందు నా సంగతి కొంత చెప్పాలి. రాజమండ్రిలో ఒక అచ్చాఫీసులో నన్ను గీతలు గీసి, కుట్టి, నీలం క్యాలికో గుడ్డతో అట్ట కట్టారు. నాలాంటివాళ్లం రెండు వందల మందిమి ఒకే కట్టలో ఉన్నాం. ఎవరికి ఏ బడి వస్తుందో మాకు తెలియదు. నాకు సముద్రానికి ఆరు మైళ్ల దూరంలో ఉన్న జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల వచ్చింది. చుట్టూ రొయ్యల చెరువులు, వాటి మధ్య రొయ్యలు వలిచే షెడ్లు. గాలి మళ్లితే తరగతి గదిలోకి కూడా ఆ వాసన వచ్చేది. ఫోన్లలో హాజరు వేసే కాలం అప్పటికి రాలేదు. అందుకని బడిలో నా మాటకు విలువ ఉండేది.

మనుషులు ఒకరి మాట ఒకరు అంత తేలిగ్గా నమ్మరు. గళ్లలో రాసి ఉంటే నమ్ముతారు. ఇది నేను మొదటి నెలలోనే గ్రహించాను.

హెడ్మాస్టరు జోగారావు గారు మంచివారు. బడిలో ఆయన పెట్టిన నియమం ఒకటుంది. ఏ పిల్లకైనా వరసగా మూడు 'గై'లు పడితే క్లాసు టీచరు ఆ ఇంటి గడప తొక్కాలి. కాగితం పంపితే చాలదు, మనిషి వెళ్లాలి. ఆ నియమం వల్లే జూలైలో తొమ్మిదో నంబరు అమ్మాయి ఇటుకల బట్టీ నుంచి వెనక్కి వచ్చింది. మా క్లాసు టీచరు కనకవల్లి గారు బట్టీ దాకా నడిచి వెళ్లి, ఎండలో గంటసేపు నిలబడి, ఆ పిల్లను వెంటబెట్టుకుని వచ్చారు. చదువులో వెనకబడిన పిల్లలను సాయంత్రం ఆపి మళ్లీ చెప్పేవారు. ఆకలితో వచ్చే పిల్లల కోసం టేబుల్ సొరుగులో మరమరాలు ఉంచేవారు. తెలుగు చెప్పేవారు. మాట తూచి మాట్లాడే మనిషి. నా మీద కూడా గట్టిగా రాసేవారు కాదు.

రత్నం తల్లితో కలిసి తెల్లవారకముందే షెడ్డుకు వెళ్లి రొయ్యలు వలిచి, పది దాటాక బడికి వచ్చేది. వేళ్ల చివరలు తెల్లగా నాని ఉండేవి. మొదట్లో ఆమెకు వరసగా రెండు గైలు పడ్డాయి. మూడో రోజు టేబుల్ దగ్గరకు వచ్చి నిలబడింది.

"గై ఎయ్యకండి టీచర్ గారండీ. మీరు ఇంటికొత్తే మా యమ్మ షెడ్డు మానిపించేత్తాది. షెడ్డు డబ్బులు రాకపోతే బడీ మానిపించేత్తాది."

"మరేం చెయ్యమంటావే?"

"ఆలీసంగా అయినా వత్తానండి. రాకుండా ఉండనండి."

కనకవల్లి గారు ఆలోచించి ఆ గడిలో చుక్క పెట్టారు. పిల్ల వచ్చాక దాన్ని హాజరు గీతగా మార్చేవారు. ఆ మాటకొస్తే చుక్కంటే ఏమీ రాయకపోవడమే. కానీ దయగా రాయకపోవడం. ఆగస్టు కల్లా ఆలస్యంగా వచ్చే పిల్లలందరికీ చుక్కలు మొదలయ్యాయి. పిల్లలు దానికి బొట్టు అని పేరు పెట్టారు.

"ఒసే రత్నం, ఇయ్యాల కూడా నీకు బొట్టెట్టేసారే."

"నీకెట్టలేదని కుళ్లా?"

వరండాలో వెళుతున్న కనకవల్లి గారు విని కూడా విననట్టు అటు తిరిగి నవ్వుకునేవారు.

ఆమెకు మా క్లాసులో మొదటి పీరియడ్ ఒక్కటే. రత్నం వచ్చేసరికి ఆమె పదో తరగతిలో ఉండేవారు. ఇంటర్వెల్‌లో లీడరు బేబీ వచ్చి ఎవరెవరు వచ్చారో చెప్పేది. మొదట్లో చుక్కను ఆ రోజే గీతగా మార్చేవారు. తర్వాత శనివారం మార్చేవారు. దసరా సెలవుల తర్వాత నెలాఖరుకు ఒకేసారి. ఏ రోజు మారిందో ఎవరికీ తెలియకుండా పద్ధతులు మారతాయి. నాకు తెలిసింది కానీ నాకు నోరు లేదు.

నవంబరు పన్నెండున ఇరవై ఆరో నంబరు పిలిచారు.

"వత్తాదండి," అంది బేబీ.

చుక్క. పదమూడున చుక్క. పద్నాలుగున బాలల దినోత్సవం, పిప్పరమెంటు బిళ్లలు పంచారు. రత్నం వంతు బిళ్లను బేబీ గుప్పిట్లో దాచుకుంది. చుక్క.

"రత్నం అసలు కనపడటం లేదేమే?" అని కనకవల్లి గారు ఒకసారి అడిగారు.

"మీరెల్లాక వత్తందండి," అంది బేబీ. ఆ మాట టీచరు వైపు చూడకుండా చెప్పింది. టీచరు గారు అప్పటికే సుద్దముక్క తీసుకుని లేచారు.

ఇరవై ఒకటో తేదీ గురువారం కనకవల్లి గారు శిక్షణకు మండల కేంద్రానికి వెళ్లారు. ఆమె బదులు హాజరు వేసిన మాస్టారూ చుక్కే పెట్టారు. పదకొండింటికి రత్నం తల్లి సత్తెమ్మ వచ్చింది. తడిసిన చీర కుచ్చిళ్లతో ఆఫీసు గది గుమ్మం బయటే నిలబడింది.

"మా రత్నం బడికి వత్తందా అండి? పని ఎక్కువుందని షెడ్డు మేస్త్రి పెద్ద షెడ్డు కాడ గదిలో ఉంచేడండి. అక్కణ్ణుంచే వేనులో బడికి దింపుతున్నానన్నాడు. వారంలో ఇంటికి పంపేత్తానన్నాడు, పంపలేదు. ఓపాలి కనుక్కుందారని."

జోగారావు గారు నన్ను తెప్పించుకున్నారు. ఇరవై ఆరో వరుస మీద వేలు పెట్టి చివరి దాకా జరిపారు. చుక్కలున్నాయి. గై ఒక్కటీ లేదు.

"ఆలస్యంగా వస్తోంది గానీ, ఒక్క రోజు కూడా మానలేదమ్మా."

సత్తెమ్మ ముఖం తేటపడింది. "ఆలీసం దానికి పుట్టుకతోనే ఉందండి. నెలలు దాటేక గానీ పుట్టలేదు," అని నవ్వింది.

ఆమె కావాలంటే తరగతి గది దాకా వెళ్లి చూసేది. ముప్పై అడుగుల దూరం. కానీ పట్టీ చూసి చెప్పాక ఇంకా చూస్తానంటే పెద్దవారిని నమ్మనట్టు అవుతుంది. దణ్ణం పెట్టి వెళ్లిపోయింది. జోగారావు గారు ఈ సంగతి మర్నాడు కనకవల్లి గారికి చెబుదామనుకుని మరిచిపోయారు.

ముప్పయ్యో తేదీ శనివారం సాయంత్రం కనకవల్లి గారు నన్ను ముందు పెట్టుకుని నెల చుక్కలన్నీ గీతలుగా మార్చారు. పన్నెండో తేదీ నుంచి ఇరవై ఆరో నంబరుకు పదిహేడు చుక్కలు. పదిహేడు హాజర్లు అయ్యాయి. సిరా ఆరే దాకా నన్ను తెరిచి ఉంచారు.

సోమవారం సత్తెమ్మ మళ్లీ వచ్చింది. ఈసారి గుమ్మం దాటి, ఎవరినీ అడగకుండా, తిన్నగా తరగతి గదిలోకి వచ్చి బెంచీలన్నీ వెతికింది. బేబీ అప్పుడు ఏడ్చింది.

"పిలిత్తే వత్తాదని చెప్పమందండి. గై పడితే టీచర్ గారు ఇంటికొత్తారని. ఒక్క వారం అందండి. పెద్ద షెడ్డు అంది. ఏ ఊరో నాకు తెలవదండి."

కనకవల్లి గారు నన్ను మూశారు. మళ్లీ తెరిచారు. 

రెండు రోజులకు కానిస్టేబుల్ వచ్చి కూర్చున్నాడు. మేస్త్రి ఏం చెబుతున్నాడో చెప్పాడు. పదకొండో తేదీ తర్వాత ఆ పిల్ల తన షెడ్లలో వేటికీ రాలేదట. వేనులో ఎవరినీ ఎక్కడికీ పంపలేదట. తల్లే ఏదో అనుకుని ఉంటుందట. "బడికెల్లిందండి, కావాలంటే పట్టీ చూసుకోండి అంటున్నాడు. మీ పట్టీ చూత్తే అతను చెప్పింది సరిపోయింది. నెలాఖరు దాకా పిల్ల మీ దగ్గరే ఉందాయె. తప్పిపోతే ఈ రెండు రోజుల్లోనే తప్పిపోవాలి. పట్టీ తప్పయితే తప్పని రాసివ్వండి, నవంబరు నుంచి మొదలెడతాం."

నా పేజీలు నాలుగింటిని ఫోటో తీయించుకుని వెళ్లాడు. మేస్త్రి నన్ను ఎన్నడూ ముట్టుకోలేదు. అయినా అతని తరఫున నా అంత గట్టి సాక్షి ఇంకొకరు లేరు.

"రాసిస్తే ఇద్దరి ఉద్యోగాలూ పోతాయి టీచరు గారూ," అన్నారు జోగారావు గారు తలుపు దగ్గరకు వేసి. "అది పోనీండి. బడి మీద నమ్మకం పోతే రేపు ఎవరు పిల్లల్ని పంపుతారు? మీరు బట్టీ దాకా నడిచి తెచ్చిన పిల్ల కూడా పోతుంది. నాలుగు రోజులు చూద్దాం. వచ్చేస్తుందేమో."

"వస్తుందంటారా?" అని అడిగారు కనకవల్లి గారు.

ఆయన తలుపు తీసి బయటకు వెళ్లారు.

ఆ సాయంత్రం ఆమె ఒక తెల్లకాగితం తీసుకుని 'గౌరవనీయులైన' అని రాశారు. తర్వాత ఏ మాట వెయ్యాలో చాలాసేపు ఆలోచించారు. 'పొరపాటు' అని రాసి కొట్టేశారు. 'దయతో' అని రాసి అదీ కొట్టేశారు. కాగితాన్ని మడిచి నవంబరు పేజీల మధ్య పెట్టి ఇంటికి వెళ్లారు. మర్నాడు ఇంకొకటి. సంక్రాంతి సెలవుల నాటికి నా నడుము ఉబ్బింది. రోజూ ఉదయం ఇరవై ఆరో నంబరును మాత్రం పిలిచేవారు. పిలిచి ఆగేవారు. ఎవరూ వత్తాదని చెప్పేవారు కాదు. ఆమె 'గై' వేసేవారు. మూడు పడ్డాయి, ముప్పై పడ్డాయి. సత్తెమ్మ గడప తొక్కడానికి ఆమె ఒకసారి బయలుదేరి, చెరువు గట్టు దాకా వెళ్లి తిరిగి వచ్చారని అటెండరు ఎవరితోనో చెబుతుంటే విన్నాను.

ఏడాది తిరిగింది. తొమ్మిదో తరగతి పదిలోకి వెళ్లింది, వాళ్లకు కొత్త పట్టీ వచ్చింది. నన్ను టీసీ పుస్తకాలతో కలిపి దారంతో కట్టి ఆఫీసు బీరువా కింది అరలో పెట్టారు. జోగారావు గారు బదిలీ అయి వెళ్లారు. కనకవల్లి గారు ఇక్కడే ఉన్నారు. ఇరవై ఆరో నంబరు పేరు కొట్టెయ్యలేదు గనుక, బడి ఆ ఏడు కూడా మానేసిన పిల్లలు లేని బడిగా లెక్కకెక్కింది. సత్తెమ్మ నెలకోసారి వచ్చి ఆఫీసు గుమ్మం దగ్గర కూర్చుంటుంది. ఎవరినీ ఏమీ అడగదు. మధ్యాహ్నం గంట కొట్టాక లేచి వెళ్లిపోతుంది.

నవంబరు పన్నెండు నుంచి ముప్పై దాకా, ఆ పదిహేడు పనిరోజులూ పెమ్మాడి నూకరత్నం బడికి రాలేదన్న మాట ఇంతవరకూ ఎవరూ రాసి ఇవ్వలేదు.