కవరు మీద పేరు

విజయ్ పాల్ మీద హెలెన్‌కున్న కోపం కొట్టాడనీ కాదు, తిట్టాడనీ కాదు. ముప్పై ఒక్క ఏళ్లు కాపురం చేసి ఒక్కసారి కూడా చర్చిలో ఆవిడ పేరు చదవనివ్వలేదు. అదీ సంగతి.

నిడదవోలులో వాళ్ల లూథరన్ చర్చిలో ఒక పద్ధతుంది. పుట్టినరోజు జరుపుకున్నవాళ్లు ఆ ఆదివారం కృతజ్ఞత కానుక కవర్లో పెట్టి ఇస్తారు. సెక్రటరీ డేనియల్ గారు కవరు మీది పేరు మైకులో చదువుతారు. ఆ మనిషి ముందుకొచ్చి నిలబడితే సంఘమంతా పాట పాడుతుంది, పాస్టరయ్యగారు తలమీద చెయ్యేసి ప్రార్థన చేస్తారు. రెండు నిమిషాల పని. ఇంట్లో అందరి కవర్లూ రాసేది హెలెనే. విజయ్ పాల్‌దీ, అత్తగారు సంపూర్ణమ్మదీ, కూతురు వినీలదీ, గుండ్రటి టీచరమ్మ దస్తూరీతో. తన కవరు దగ్గరికొచ్చేసరికి మొగుడు పక్కన నిలబడేవాడు. "విజయ్ పాల్ గారి సతీమణి అని రాయి. పేరెందుకు? తెలియనోళ్లెవరు?" అనేవాడు. అలాగే రాసేది. డేనియల్ గారు అలాగే చదివేవారు. ముప్పై ఒక్క పుట్టినరోజులూ విజయ్ పాల్ గారి సతీమణే పుట్టింది.

ఆవిడ ముందుగా రిటైర్మెంటు తీసుకున్న ఏడాది చర్చిలో ఒక కాగితం అంటించారు. టాంజానియాలో మోషీ అనే ఊరి దగ్గర ఆడపిల్లల బడికి లెక్కల టీచరు కావాలి, ఏడాది పాటు, గదీ భోజనమూ ఇస్తారు, జీతం లేదు. ఆ సాయంత్రం గోరుచిక్కుళ్లు తుంపుతూ హెలెన్ ఆ మాట చెప్పింది. విజయ్ పాల్ పేపరు మడిచి నవ్వాడు. "జీతం లేకుండా ఎవరైనా పని చేస్తారటే?"

హెలెన్ చేతిలో చిక్కుడుకాయ అలాగే ఉండిపోయింది. నాలుగున్నరకి లేచి మూడు క్యారేజీలు కట్టడం, అత్తగారి దుప్పటి మార్చి వేడినీళ్లు పెట్టడం, తొమ్మిదింటికి బడి, అక్కడ ఎవరైనా పెద్దవాళ్లు తనిఖీకొస్తే "టీ మీ చేతి మీదుగా అయితే బావుంటుందండి మేడమ్ గారూ" అనే హెడ్మాస్టరు, పక్కనే కాళ్లు చాపుకుని కూర్చున్న పదకొండు మంది మగ టీచర్లు, సాయంత్రం మళ్లీ అదే పొయ్యి, అదే గిన్నెలు. ఒకటో తారీఖున బడి జీతం తెచ్చి మొగుడి చేతిలో పెడితే లెక్క చూసుకుని బస్సు చార్జీలు తిరిగిచ్చేవాడు. ఈ ఇంట్లో చేసిన పనికి ఏ ఒకటో తారీఖున ఎవరు జీతమిచ్చారు? అలవాటైన పనే కదా, ఇంకో చోట చేస్తే ఏం పోయింది? ఆ మాట పైకి అనలేదు. కాయ తుంపి గిన్నెలో వేసి, "నేను పేరిచ్చేశానండి" అంది.

"నాకు అన్నమెవరు పెడతారే?" అని సంపూర్ణమ్మ మంచం మీంచి కేకేసింది.

"మీ అబ్బాయికి రెండు చేతులున్నాయండి అత్తయ్యగారూ."

జనవరిలో విమానమెక్కింది. దిగాక చూస్తే ఎక్కడ చూసినా అరటితోటలే. రావులపాలెంలో దిగానేంటి అనుకుంది. కాకపోతే ఇక్కడివాళ్లు పచ్చి అరటికాయల్ని మాంసంలో వేసి ఉడికిస్తారు, గోదారికి బదులు ఆకాశంలో ఓ కొండ కనబడుతుంది. పిల్లలు ఆవిణ్ణి టీచర్ హెలెన్ అనేవారు. మొదటి వారం ఆ పిలుపు విని పక్కన ఇంకెవరైనా ఉన్నారేమోనని చూసేది.

ఆగస్టు పద్నాలుగు, గురువారం. తన పుట్టినరోజని ఎవరికీ చెప్పలేదు. పొద్దున్న ఆకుపచ్చ చీర కట్టుకుని బడికెళ్లింది, అంతే. ఇంటర్వెల్లో మెట్ల మీద కూర్చుంటే ఫోను మోగింది. విజయ్ పాల్. సిగ్గు విడిచి చెప్పాలంటే ఆవిడకి ఒక్క క్షణం సంతోషమేసింది. ఎంతైనా గుర్తుపెట్టుకున్నాడు.

"ఇదిగో, ఖాళీయేనా?"

"ఆఁ, చెప్పండి."

"కడియం స్థలం బేరం కుదిరింది. అడ్వాన్సు కూడా తీసుకున్నాను. డాక్యుమెంట్ రైటర్ నిరంజన్ గారు పక్కనే ఉన్నారు, పవర్ ఆఫ్ అటార్నీ రాయిస్తున్నా. మెయిల్లో పంపిస్తాను, అక్కడ మన ఎంబసీకెళ్లి సంతకం పెట్టి పంపెయ్."

కడియం స్థలం హెలెన్ తల్లి సువార్తమ్మది. పాతికేళ్లు నర్సరీల్లో కూలికెళ్లి, మోకాళ్ల మీద కూర్చుని మామిడికీ సపోటాకీ అంట్లు కట్టి, గోళ్లలో మట్టి పోకుండానే పోయిన మనిషి. ఎప్పుడో చవగ్గా ఉన్నప్పుడు కొనుక్కుంది. పోయే ముందు కూతురి పేరున రాయించింది. "నీ పేరు భూమ్మీద ఒక్క చోటన్నా ఉండాలమ్మా" అంది. కౌలు డబ్బులు మాత్రం ఏటా అల్లుడే తీసుకున్నాడు. ఇప్పుడు అది అమ్మి, ఆ డబ్బుతో తన తమ్ముడితో కలిసి ఫంక్షన్ హాలు కడతానంటున్నాడు.

"నన్నడక్కుండా అడ్వాన్సు తీసుకున్నారా?"

"ఇప్పుడడుగుతున్నాగా. అది సరే, ఇందులో ఓ గడి ఖాళీగా ఉంది. నీ డేట్ ఆఫ్ బర్త్ ఎంత?"

హెలెన్ తలెత్తి చూసింది. ఎదురుగా పిల్లలు తాడాట ఆడుతున్నారు.

"ఆగస్టు పద్నాలుగు."

"ఆగస్టు... పద్నాలుగు... రాసుకోండి నిరంజన్ గారూ. సంవత్సరం?"

"అరవై ఏడు."

అవతల నిరంజన్ గొంతు వినబడింది. "అయ్యో, ఇవాళేనండీ మేడమ్ గారి పుట్టినరోజు!"

"ఆఁ ఆఁ, అవునవును. ఇదిగో, పాస్‌పోర్టులో ఒట్టి హెలెన్ అనే ఉందా, వెనకాల నా పేరేమన్నా తగిలించారా?"

"ఒట్టి హెలెనే," అని పెట్టేసింది.

మెట్లు దిగుతుంటే పైనుంచి ఎవరో బకెట్టు నీళ్లు నెత్తిన కుమ్మరించారు. చీరా జాకెట్టూ కళ్లజోడూ అన్నీ తడిసిపోయాయి. "ఎవర్రా అది!" అని తెలుగులోనే అరిచింది. వెనక్కి తిరిగితే నీమా అనే పిల్ల ఖాళీ బకెట్టుతో పళ్లు బయటపెట్టి నిలబడి ఉంది. దాని వెనక క్లాసు క్లాసంతా. పుట్టినరోజున నీళ్లు పోయడం వాళ్ల ఆచారమట, ఆఫీసు రిజిస్టర్లో తారీఖు చూసేశారట. చుట్టూ మూగి పాట పట్టుకున్నారు. పాటలో ఆవిడకి ముక్క అర్థం కాలేదు, ఒక్క మాట తప్ప. హెలెన్, హెలెన్, హెలెన్. చప్పట్లకొకసారి, తిరిగి మొదటినుంచి ఇంకోసారి. నీళ్లు కారుతున్న ముఖంతో నిలబడి లెక్కల టీచరు ఎన్నిసార్లని లెక్కపెట్టబోయి మానేసింది. తర్వాత వెళ్లి కుళాయి కింద ఆ బకెట్టే నింపుకొచ్చి నీమా నెత్తిన పోసింది. పిల్లలు కేకలు పెట్టారు.

తడి చీరతోనే ఫోను తీసింది.

"సంతకం పెట్టనండి."

"ఏంటీ?"

"పెట్టను. అడ్వాన్సు తిరిగిచ్చెయ్యండి."

"పిచ్చిగానీ పట్టిందా నీకు? నలుగురిలో నా పరువేం కావాలి?"

"ఆ స్థలం విజయ్ పాల్ గారి సతీమణి పేరు మీద ఉంటే వెళ్లి ఆవిణ్ణి అడగండి. హెలెన్ పేరు మీదుంది. హెలెన్ అమ్మదు. ఈ ఏటి నుంచి కౌలు కూడా నా ఖాతాలో వెయ్యమని వినీలతో చెప్పిస్తాను."

పక్కనుంచి నిరంజన్, "మరి ఈ కాగితం చింపెయ్యమంటారా అండీ?" అని అడగడం వినబడింది.

ఆదివారం వినీల ఫోన్ చేసింది, నవ్వాపుకోలేక. తల్లి చెప్పినట్టే కవరు మీద రాసి కానుక ఇచ్చిందట. డేనియల్ గారు మైకులో "హెలెన్ గారు, పుట్టినరోజు కృతజ్ఞత కానుక" అని చదివారట. చర్చంతా నిశ్శబ్దంగా ఉన్న ఆ క్షణంలో చక్రాల కుర్చీలోంచి సంపూర్ణమ్మ గట్టిగా కొడుకుని అడిగిందట.

"హెలెనెవర్రా?"

"నాన్నేమన్నారే?"

"తలెత్తలేదమ్మా. నేనే ముందుకెళ్లి నిలబడ్డాను. 'ఆయ్, మా టీచరమ్మ గారండి' అని డేనియల్ గారే మైకులో చెప్పారు. అందరూ పాడారు."

విజయ్ పాల్ అడ్వాన్సు తిరిగిచ్చాడు. ఇప్పటికీ నిడదవోలు స్టేషన్ దగ్గర టీకొట్టులో ఎవరు దొరికితే వాళ్లకి చెప్పుకుంటాడు, పెళ్లాం వల్ల తనకెంత పోయిందో: కడియం కాలవ పక్కన, రోడ్డుకి ఆనుకుని, నలభై రెండు సెంట్లు.