చూడి గేదెకు సూది

తాతారావు ప్రేమ ఎలాంటిదంటే, ఒక్కోసారి ఆ ప్రేమే కొంప ముంచుతుంది. రెండువేల ఆరులో ఉంగుటూరు కాలవగట్టు మీద పశువుల డాక్టరు పెర్సిస్ గాలికుంటు రోగం రాకుండా టీకాలు వేసిన రోజున ఊళ్ళో గేదెలన్నీ వరసలో నిలబడ్డాయి. తాతారావు మాత్రం ఐదు నెలల చూడితో ఉన్న తన గేదె చుక్కను తోలుకుపోయి చెరుకుతోట వెనక దాచాడు. సూది పొడిస్తే గేదె ఈసుకుపోతుందని, కడుపులో దూడ దక్కదని ఆయన భయం. ఆ సంగతి భార్య వెంకటలక్ష్మికి గొప్పగా చెప్పుకున్నాడు కూడా.

రెండు నెలలు తిరిగేసరికి చుక్క నోట్లోంచి చొంగ కారడం మొదలైంది. నాలిక మీదా గిట్టల మధ్యా పుళ్ళు, ఒళ్ళంతా కాలిపోయే జ్వరం. తాతారావు తన అన్నం మానేసి, జావ కాచి చల్లార్చి దాని నోటికి పట్టాడు. మేత ముట్టని చుక్క ఆయన మోచేతి మీద తల వాల్చింది.

కబురందుకుని పెర్సిస్ వచ్చింది. భుజం దాకా తొడుగు వేసుకుని, లోపల చెయ్యి పెట్టి చూసింది.

"దూడ బతికే ఉంది బాబాయిగారండీ. కానీ తల్లికి ఇంత జ్వరమొస్తే ఆ సెగ గర్భసంచికీ తగులుతుందండి. లోపలి పిల్ల తట్టుకోవడం కష్టం."

"సూది వేస్తే పోతుందనే కదమ్మా దాచాను!"

పెర్సిస్ తొడుగు విప్పి మందు సీసా తీసింది. తిట్టినా బాగుండుననిపించింది తాతారావుకి.

మూడోరోజు పొద్దున చుక్క ఈసుకుపోయింది. ఒంటి మీద వెంట్రుకలైనా సరిగా రాని పెయ్యదూడ. మాయ పడక గర్భసంచికి చీము పట్టింది. పెర్సిస్ వారం రోజులు వచ్చి మందులు వేసింది. ఇక చూడి కట్టదు, అమ్మెయ్యమన్నాడు పక్కింటి పాపారావు. తాతారావు ఆయనతో నాలుగు రోజులు మాట్లాడలేదు. లేని దూడ కోసం చుక్క అరిచినప్పుడల్లా, "తప్పు నాదేనే తల్లీ" అంటూ గంగడోలు నిమిరేవాడు.

మరుసటేడు టీకాల రోజున పెర్సిస్ ఇంకా పెట్టె తెరవకముందే తాతారావు పలుపు పట్టుకుని నిలబడ్డాడు.

"ఇంత పొద్దున్నే వచ్చేశారేంటండీ?"

"చుక్క మళ్ళీ చూడిదమ్మా. ఐదో నెల."

"మరి భయం లేదాండీ?"

"ఎందుకు లేదమ్మా, బోలెడుంది. అందుకే అందరికంటే ముందు తెచ్చాను."

చుక్క తలను గుండెకి హత్తుకుని కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. సూది దిగినప్పుడు గేదె కదల్లేదు. "అబ్బా" అన్నది తాతారావే.