వెయ్యిమంది తరఫున

సర్వే కంపెనీ ఇచ్చిన ట్యాబ్‌లో ఆ ఊరికి పది పేర్లు వచ్చాయి. ఆరో పేరు సింహాద్రమ్మది. వయసు యాభై రెండు, భర్త పేరు తాతబ్బాయి. ఎన్నికలకి ఇంకో నాలుగు నెలలున్నాయనగా, జనవరిలో, రాచెల్ మొదటిసారి ఆ ఇంటికి వెళ్ళింది.

రాచెల్‌ది నర్సీపట్నం. కొన్నాళ్ళు ఒక ప్రైవేటు స్కూల్లో పాఠాలు చెప్పింది. అది మూతపడ్డాక ఈ సర్వేల పనిలో చేరింది. పొద్దున్నే షేర్ ఆటో ఎక్కి నాతవరం వైపు ఊళ్ళకి పోవడం, ట్యాబ్ ఎవరి పేరు చూపిస్తే వాళ్ళని వెతికి పట్టుకుని నలభై ప్రశ్నలు అడగడం ఆమె పని. ఎన్నికల దాకా జనం మనసు ఎటు మళ్ళుతోందో తెలియాలని ఈసారి కంపెనీ అదే మనుషుల్ని మూడుసార్లు అడగమంది. జనవరిలో ఒకసారి, మార్చిలో ఒకసారి, ఏప్రిల్ చివర్లో ఆఖరిసారి.

తాతబ్బాయి అరుగు మీద కుర్చీ వేసి, తనే ఎదురుగా కూర్చున్నాడు.

"అడగండమ్మా. దానికేటి తెల్సు? నాను సెప్తాను."

"కాదు బాబాయిగారూ, లిస్టులో పిన్నిగారి పేరే వచ్చింది. ఆవిడే చెప్పాలి. మీరు కాసేపు అలా బయటికెళ్తే బాగుంటుంది. మా రూలు."

తాతబ్బాయి నవ్వి, తువ్వాలు భుజాన వేసుకుని వీధిలోకి నడిచాడు. సింహాద్రమ్మ అతను మలుపు తిరిగేదాకా చూసి, తలుపు పక్కనుంచి ఇవతలికి వచ్చింది. జీడిపిక్కల షెడ్డులో పిక్కలు కొట్టే మనిషి. పిక్కల్లోంచి కారే జీడికి వేళ్ళు నల్లబడి, తోలు ఊడి ఉన్నాయి. కొంగుతో వాటిని కప్పుకుంటూ అడిగింది.

"నా పేరు ఆళ్ళకెలాగ తెల్సు పాపా?"

"ఓటర్ల జాబితాలోంచి లాటరీ తీసినట్టు తీస్తారు పిన్నీ. మీది వచ్చింది."

"ఓలమ్మ! ఇన్నేల్లకి నాకు లాటరీ తగిలిందన్నమాట."

ఆ మొదటిసారి ఆమె దేనికీ సరిగ్గా జవాబు చెప్పలేదు. పాలన మీద చాలా సంతృప్తా, కొంత సంతృప్తా అని అడిగితే "సంతృప్తంటే ఏటమ్మా?" అంది. ఓటెవరికి అన్న ప్రశ్నకి మాత్రం గొంతు తగ్గించి, భర్త ఏ పార్టీకి వేస్తాడో దాని పేరే చెప్పింది.

మార్చిలో ముందే చెప్పిన రోజుకి రాచెల్ వెళ్ళేసరికి సింహాద్రమ్మ ఉతికిన చీర కట్టుకుని, షెడ్డుకి సెలవు పెట్టి కూర్చుంది. తాతబ్బాయిని ముందే పొలానికి పంపించేసింది. జవాబులు నిదానంగా చెప్పింది. అన్నీ అయ్యాక, "ఇలాగ ఎంతమందినడుగుతారు?" అంది.

"మొత్తం రెండు వేలమందిని."

"జిల్లాలో లచ్చల మందున్నారు కదమ్మా. ఇద్దరు ముగ్గురు సెప్పింది ఇని ఊరంతా అలాగే ఉన్నాదంటే ఎలాగ?"

రాచెల్‌కి ట్రైనింగులో చెప్పిన మాట గుర్తొచ్చింది. "మీరొక్కరే అయినా మీలాంటి వెయ్యిమంది తరఫున చెప్తున్నట్టు పిన్నీ. అలా లెక్క కడతారు."

సింహాద్రమ్మ మొహంలో నవ్వు పోయింది. "వెయ్యిమందా?" అని మళ్ళీ అడిగింది. ఆలోచనలో పడింది. రాచెల్ చెప్పులు వేసుకుని బయల్దేరుతుంటే గుమ్మం దాకా వచ్చి, "మళ్ళీ ఎప్పుడొస్తావు?" అంది.

"ఏప్రిల్ ఇరవై అయిదుకి."

"తప్పకుండా రావాలి. ఈలోగా నాను కూడా సూసుకోవాలి కదా," అంది సింహాద్రమ్మ. ఏం చూసుకోవాలో రాచెల్ అడగలేదు. ఆటో హారన్ కొడుతోంది.

ఏప్రిల్ ఇరవై అయిదున ఎండ మండిపోయింది. సాయంత్రం అయిదులోగా ఆఖరి విడత డేటా పంపాలి. మూడు ఊళ్ళలో కలిపి పద్దెనిమిది ఇళ్ళు. మూడున్నరయ్యేసరికి పదహారు అయ్యాయి. మిగిలిన రెండూ సింహాద్రమ్మ ఊళ్ళోవే, కాలవ అవతల; అందులో ఒకటి ఆమె ఇల్లే. రాచెల్‌కి కళ్ళు తిరుగుతున్నాయి. ఊరి మొదట్లో బస్ షెల్టరు నీడన కూలబడి, విశాఖపట్నంలో ఉన్న సూపర్‌వైజర్ ధర్మతేజకి ఫోన్ చేసింది.

"రెండు మిగిలాయి సార్. నడవలేకపోతున్నాను. రేపు పొద్దున్నే చేసేస్తాను."

"రేపంటే కుదరదు రాచెల్ గారూ. ఆ రెండూ ఎవరు?" అతను తన కంప్యూటర్లో చూశాడు. "ఇద్దరూ రెండుసార్లూ ఒకటే చెప్పారు. మూడోసారి మాత్రం మారిపోతారా? మీకు తెలిసిన మనుషులే కదా, మేనేజ్ చేసెయ్యండి."

రాచెల్ కాసేపు ట్యాబ్ వంక చూస్తూ కూర్చుంది. సింహాద్రమ్మ చెప్పేది తనకి తెలుసనే అనిపించింది. నలభై ప్రశ్నలకీ ఆమె బదులు తనే నొక్కుకుంటూ పోయింది. ఓటెవరికి అన్నచోట పాత పేరే నొక్కింది. రెండో మనిషిదీ అలాగే నింపింది. పంపెయ్యడానికి పది నిమిషాలు కూడా పట్టలేదు.

రెండ్రోజుల తర్వాత ధర్మతేజ ఫోన్ చేశాడు. మంచి ఉత్సాహంగా ఉన్నాడు. సర్వే నిజంగా చేశారో లేదో కనుక్కోడానికి హైదరాబాదు నుంచి కొన్ని ఇళ్ళకి ఫోన్లు చేస్తారు.

"మీవన్నీ ఓకే అయిపోయాయండీ. సింహాద్రమ్మ గారి నంబరుకి చేస్తే వాళ్ళాయన ఎత్తాడట. ఆవిడ ఇంట్లో లేదు గానీ, అమ్మాయి వచ్చింది, అన్నీ అడిగి వెళ్ళింది అన్నాడట."

రాచెల్ ఫోన్ పెట్టేసింది. తను వెళ్ళలేదని తాతబ్బాయికి తెలుసు. మరి వచ్చిందని ఎందుకు చెప్పినట్టు?

మర్నాడు పొద్దున్నే మొదటి ఆటోకి వెళ్ళింది. అరుగు మీద తాతబ్బాయి ఒక్కడే ఉన్నాడు. గడ్డం మాసి ఉంది. లోపల గోడవారన చిన్న దీపం, దాని వెనక ఓటరు కార్డు మీది బొమ్మనే పెద్దది చేయించిన ఫొటో, దానికి బంతిపూల దండ.

రాచెల్ గుమ్మం పట్టుకుని నిలబడిపోయింది.

"పంతొమ్మిదో తారీకమ్మా," అన్నాడు తాతబ్బాయి. "తోటలో పిక్కలేరడానికెల్లింది. వడదెబ్బ. ఆస్పత్రికి తీసుకెల్లీలోపే..."

ఆమె చనిపోయిన ఆరు రోజులకి తను ఆమె చేత నలభై జవాబులు చెప్పించింది. రాచెల్ అరుగు మీద కూర్చుని ఏడ్చింది. జరిగినదంతా చెప్పింది. బస్ షెల్టరు సంగతి కూడా దాచలేదు.

"తెల్సమ్మా. ఫోనొచ్చినప్పుడే నాకర్థమైంది. రాలేదంటే నీ ఉజ్జోగం పోద్ది కదా. అందుకే అలా సెప్పీసేను. అది ఉన్నా అలాగే సెప్పమనును. నువ్వంటే దానికి శానా ఇష్టం."

"నేను రాలేదు బాబాయిగారూ. వస్తానని చెప్పి కూడా రాలేదు."

"వచ్చినా అది లేదు కదా," అన్నాడతను. ఆ మాట ఆమెకి ఓదార్పు కాలేదు.

తాతబ్బాయి లోపలికి వెళ్ళి మంచినీళ్ళు తెచ్చిచ్చి, ఎదురుగా కూర్చున్నాడు. "నీతో ఒకటి సెప్పాలి. వెయ్యిమంది తరఫున సెప్పాలని అన్నావట కదా?"

రాచెల్ తలూపింది.

"ఆ రోజు నుంచి దానికి అదే ద్యాస. నాకేటి తెల్సు, ఆళ్ళ మనసులో ఏటుందో అడక్కుండా ఆళ్ళ తరఫున ఎలాగ సెప్పెస్తాను అనీది. షెడ్డులో ఆడోళ్ళందరినీ అడిగింది. సంతకెల్తే సంతలో అడిగింది. దానికి రాత రాదు కదా, మర్సిపోకుండా రోజూ ఇంటికొచ్చి నాకు సెప్పీది. నానే దాని పుస్తకం అన్నమాట. మొదట్లో ఎక్కిరించేను. తర్వాత నాకే ఇనాలనిపించీది. ముప్పై ఏడుమందయ్యారు. ఇంకా తొమ్మిదొందల పైన ఉండిపోయారే, ఇరవై అయిదుకి ఎలాగని దిగులుపడీది."

ఒక్కొక్కరి పేరూ తలుచుకుంటూ చెప్పుకొచ్చాడు. జోగులమ్మకి జీడి తగిలి తగిలి వేలిముద్రలు అరిగిపోయాయి, మిషను ఒప్పుకోక పింఛను ఆగిపోయింది. పుష్పవతి ఇంటికి కుళాయి వచ్చి రెండేళ్ళయింది, నీళ్ళింకా రాలేదు. రాజేశ్వరి కొడుకు చదువు పూర్తిచేసి నాలుగేళ్ళుగా ఖాళీగా ఉన్నాడు, ఆమెకి ఏ జెండా చూసినా కోపమే. పేరు చెప్పొద్దన్న ఒకావిడ పోయినసారి మొగుడు చెప్పిన గుర్తు కాకుండా వేరేది నొక్కింది. ఆ సంగతి ఇంతవరకూ ఎవరికీ తెలీదు.

ఇందులో ఒక్కటి కూడా ట్యాబ్‌లోని నలభై ప్రశ్నల్లో లేదు. రాచెల్ సంచిలోంచి నోటు పుస్తకం తీసి రాసుకుంది. ఎందుకు రాస్తోందో, ఎవరికి చూపిస్తుందో ఆమెకే తెలీదు. ముప్పై ఏడూ అయ్యేసరికి మధ్యాహ్నమైంది.

"మరి పిన్నిగారు?" అంది. "ఆవిడ ఓటు?"

తాతబ్బాయి లోపలి దీపం వంక చూశాడు.

"అది మాత్రం నాకు సెప్పలేదమ్మా. ఇదివరకు నువ్వెటంటే అటే అన్నాను, ఇప్పుడలాగ కాదు అంది. మరెవరికే అంటే, ఆ పాప వస్తే ఆ పాపకే సెప్తాను అంది. ఎంతడిగినా నవ్వీది."

తిరిగొస్తూ ఆటోలోంచే రాచెల్ ధర్మతేజకి ఫోన్ చేసి, ఆ రెండూ దొంగవని, తీసెయ్యమని చెప్పింది.

"డేటా వెళ్ళిపోయిందండీ. రెండు వేలలో రెండు. రిజల్ట్ ఏమీ మారదు. ఎందుకు మీ పని మీరే పాడుచేసుకుంటారు?"

"చనిపోయినావిడ సార్."

"అయ్యో పాపం," అన్నాడతను. నిజంగానే అన్నాడు. "కానీ ఇప్పుడు దాన్ని కదిపితే మీవన్నీ తీసేస్తారు."

ఆ రాత్రే ఆమె కంపెనీకి మెయిల్ పెట్టింది. అతను చెప్పినట్టే మూడో విడతలో రాచెల్ చేసినవన్నీ కొట్టేశారు. ఎండలో ఇల్లిల్లూ తిరిగి నిజంగా అడిగినవి కూడా పోయాయి. మళ్ళీ పనికి పిలవలేదు. ఎన్నికలయ్యాయి. ఫలితం వచ్చిన రోజు టీవీలో కంపెనీ పేరు మార్మోగింది. వాళ్ళ అంచనా దాదాపు అంకెతో సహా సరిపోయింది.

జూన్‌లో తొలకరి పడ్డాక రాచెల్ ఒకసారి తాతబ్బాయిని చూడటానికి వెళ్ళింది. అతను ఆకుమడి దగ్గర ఉన్నాడు. గట్టు మీద కూర్చున్నారు. ఓటుకి వెళ్ళారా అని ఆమె అడిగింది.

"ఎల్లేను. లిస్టులో దాని పేరింకా ఉంది, నా కిందనే. ఆళ్ళు సదువుతుంటే ఇన్నాను." అతను చేతుల బురద గడ్డికి తుడుచుకున్నాడు. "మిషను కాడికెల్లి నిలబడ్డాను. అదుంటే ఏది నొక్కును, అని ఆలోసించేను. దానిదే నొక్కుదామనుకున్నాను. ఎంతకీ తెల్లేదమ్మా. ముప్పై రెండేళ్ళు కాపరం చేసేను, నాకు తెల్లేదు. ఎనక నుంచి ఆఫీసరుగారు బేగి కానీయండి అన్నారు. ఏదో నొక్కీసి వచ్చీసేను."

అతను లేచి మళ్ళీ మడిలోకి దిగాడు. వాన మొదలయ్యేదాకా ఆమె ఆ గట్టు మీదే కూర్చుంది.