దించని స్టార్

నేను ఒక స్టార్‌ని. ఆకాశంలో మెరిసే రకం కాదు. వెదురుబద్దలు కట్టి, మైదా జిగురు పూసి, కాగితం అంటిస్తే తయారయ్యే రకం. డిసెంబరు వచ్చిందంటే మా పేటలో ప్రతి ఇంటి మీదా నాలాంటిది ఒకటి వేలాడుతుంది. నన్ను చూసి జ్ఞానులెవరూ రారు. దోమలు వస్తాయి. ఓట్లున్న ఏడాది నాయకులు కూడా వస్తారు.

నన్ను కట్టినవాడు గాబ్రియేలు. మునిసిపాలిటీ డ్రైనేజీలో పని, అదీ కాంట్రాక్టరు కింద. ఊరు కడుక్కుని పారబోసిందంతా ఎక్కడ అడ్డం పడితే అక్కడికి అతన్ని పిలుస్తారు. అతను దిగి, చేత్తో తీసి, పైకి వస్తే ముక్కు మూసుకుని పక్కకు తప్పుకుంటారు. ఈ సంగతి మెత్తగా చెప్పడం నాకు రాదు. వచ్చినా చెప్పను.

ఆ చేతులే బద్దలు చీల్చి, పురికొసతో బిగించి నాకు ఐదు మొనలు తీశాయి. రంగు కాగితం ఒక్కటే అయితే మంచుకి ఆగదు. అందుకని ముందు పాత న్యూస్‌పేపరు ఒక పొర, దాని మీద ఎర్ర గ్లేజు కాగితం అంటించాడు. పగలు ఎర్రగా ఉంటాను. సాయంత్రం లోపల బల్బు వెలిగితే అక్షరాలు పైకి తేలతాయి. జిల్లా పేజీ మొత్తం నా ఒంటి మీద చదువుకోవచ్చు. ఏటా చిరిగినచోట కొత్త పేపరు వేస్తారు కాబట్టి ఈ ఊరి సంగతులు నాకు తెలిసినంతగా కలెక్టరుకు కూడా తెలియవు.

గాబ్రియేలుకు ఒక పట్టుదల ఉండేది. స్టార్‌కి మంచి వార్తే అంటించాలి.

"దేవుడు పుట్టినరోజున చావు కబుర్లు ఎలిగిద్దామా?" అనేవాడు.

మంచి వార్త కావాలంటే మాటలా? డిసెంబరు మొదట్లో టీ కొట్టు నుంచి పాత పేపర్ల కట్ట తెచ్చి ఇల్లంతా పరిచేవాళ్ళు. గాబ్రియేలు భార్య సలోమి చదివేది. తల్లి తబితమ్మ మంచం మీద కూర్చుని తీర్పు చెప్పేది.

"తప్పిపోయిన గేదె దొరికింది," అని చదివింది సలోమి ఒకసారి.

"మంచిదేగా. అంటించు."

"కింద ఇంకా ఉందత్తా. ఆ గేదె నాదంటే నాదని అన్నదమ్ములు తలకాయలు పగలగొట్టుకున్నారంట."

"తీసెయ్."

"పేటలో డ్రెయినుకి శంకుస్థాపన."

"ఇది మనదే గదా!" అన్నాడు గాబ్రియేలు, జిగురు చేత్తోనే కాగితం అందుకోబోతూ.

"పోయినేడూ ఇదే డ్రెయిను, ఇదే శాలువా. కొబ్బరికాయ ఒక్కటే మారింది."

తబితమ్మ విసుక్కుంది. "ఈ ఊళ్ళో మంచి జరగదంట్రా, జరిగినా రాయరా?"

ఒక ఏడాది నా ఒంటి నిండా పదో తరగతి ఫలితాలు అంటించారు. ఇంకో ఏడాది రైతుబజారులో కూరగాయల ధరలు. వంకాయలు, దొండకాయల మధ్య ప్రభువు జన్మించాడని పేట పిల్లలు నన్ను చూసి నవ్వారు.

ముందటేడు మాత్రం గాబ్రియేలు వెతుక్కోనక్కర్లేకపోయింది. వార్త తనే చేత్తో పట్టుకుని పరుగున ఇంటికొచ్చాడు. 'ఇక మ్యాన్‌హోల్‌లోకి మనిషి దిగనక్కర్లేదు' అని పెద్ద అక్షరాలు. కింద ఫొటో. పూలదండ వేసిన కొత్త మిషను, దాని పక్కన నవ్వుతూ కాంట్రాక్టరు రంగనాయకులు. గాబ్రియేలు పని చేసేది ఆయన కిందే.

"చదువు సలోమీ, గట్టిగా చదువు. అమ్మకి ఇనపడాలి."

సలోమి మళ్ళీ మళ్ళీ చదివింది. తబితమ్మ కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. ఆ ముక్కని గాబ్రియేలు నా పైమొనకి అంటించాడు, వీధిలోకి కనపడేటట్టు. ముడతలు లేకుండా అరచేత్తో ఎంతసేపు నిమిరాడో! పేపర్లో అచ్చయింది కాబట్టి నిజమే అనుకున్నాడు. పేపరుని నమ్మడం చదువు రానివాళ్ళ జబ్బు అంటారు. కాదు. పేపరు తప్ప ఇంకేమీ పేట దాకా రానివాళ్ళ జబ్బు అది.

ఆ మిషను ఫొటో దిగి వెళ్ళిపోయింది. ఏ ఊరు వెళ్ళిందో ఎవరికీ తెలియదు. గుంటల్లోకి మళ్ళీ గాబ్రియేలే దిగాడు.

పోయినేడు నవంబరులో, మార్కెట్ వెనక వీధిలో, దిగినవాడు పైకి రాలేదు. లోపల గ్యాసు. పైన తాడు పట్టుకున్నది ఏలియా, అతనితో కలిసి పని చేసే కుర్రాడు. శవాన్ని ఇంటికి తెచ్చినప్పుడు నేను అటక మీద, సలోమి పాత చీరలో చుట్టి ఉన్నాను. చూడలేదు. వినడం మాత్రం విన్నాను. తబితమ్మ ఏడుపు వినపడింది. సలోమిది వినపడలేదు.

మర్నాడు పేపర్లో వచ్చింది. నాలుగు లైన్లు. 'మద్యం మత్తులో మ్యాన్‌హోల్‌లో పడి వ్యక్తి మృతి.'

గాబ్రియేలు తాగడు. గుంటలో దిగేవాళ్ళలో చాలామంది ఆ కంపు తట్టుకోలేక తాగి దిగుతారు, వాళ్ళని నేను తప్పుపట్టను. ఇతను మాత్రం లవంగం బుగ్గన పెట్టుకుని దిగేవాడు. అది పేటంతటికీ తెలుసు. అయితే తాగి పడ్డవాడు పని మీద పోయినట్టు కాదు. తాగి పడ్డవాడికి ఎవరూ జవాబు చెప్పక్కర్లేదు. ఒక్క మాటతో మనిషినీ చంపారు, అతని పేరునీ చంపారు.

సలోమి వార్త రాసిన విలేకరి దగ్గరకు వెళ్ళింది. శేషుబాబు అని, సెంటర్లో జెరాక్సు షాపు నడుపుతూ వార్తలు కూడా రాస్తాడు. అక్కడ జరిగింది ఇంటికొచ్చి అత్తకి చెబుతుంటే విన్నాను.

"ఆయన తాగడు బాబూ, ఎవరు చెప్పారు మీకు?" అని అడిగిందట.

"విశ్వసనీయ వర్గాలమ్మా."

"ఆ వర్గాలది ఏ ఊరు?"

శేషుబాబు జెరాక్సు మిషను మూత తీసి మళ్ళీ మూశాడట. "సవరణ వెయ్యాలంటే చూసినోళ్ళెవరన్నా చెప్పాల. ఊరికే నువ్వంటే ఎట్టా?"

చూసినవాడు ఏలియా ఒక్కడే. సలోమి అతని ఇంటికీ వెళ్ళింది. "వదినా, నాకూ పెళ్ళాంబిడ్డలున్నారు" అని తల దించుకున్నాడట. అంతటితో వచ్చేసింది.

చావు జరిగిన ఇంట్లో ఆ ఏడు స్టార్ ఎత్తకపోవడం మా పేట మర్యాద. క్యారెల్స్ పాడేవాళ్ళు కూడా ఆ గుమ్మం ముందు డప్పు ఆపేసి మౌనంగా దాటిపోతారు. డిసెంబరులో అన్ని ఇళ్ళకీ సున్నాలు, రంగులు, అప్పచ్చుల వాసన. మా ఇల్లు మాత్రం చీకటి. నేను అటక మీదే అనుకున్నాను.

పండక్కి ముందు చర్చిలో జరిపే సెమీ క్రిస్మస్ రోజు మధ్యాహ్నం సలోమి నిచ్చెన వేసి నన్ను దించింది.

తబితమ్మ మంచం మీద నుంచి లేచి కూర్చుంది. "ఏందే అది? చావింట్లో స్టారా? పేటోళ్ళు మొహాన ఉమ్మేస్తారు."

"ఆయన మొహాన అచ్చేసి ఉమ్మింది చాలదా అత్తా?"

సలోమి నా పైమొన మీద ఎర్ర కాగితం గీరి పారేసింది. ముందటేటి మిషను వార్త బయటపడింది. దాని పక్క మొనకి నవంబరు చావు వార్త అంటించబోయి, ఆగి చుట్టూ చూసింది. జిగురు లేదు. తబితమ్మ మంచం దిగి పొయ్యి వెలిగించి, మైదా కలిపింది.

"పల్చగా పూయి. ముడతపడితే అక్షరాలు కనపడవు. ఆడట్టాగే చేసేవాడు," అంది.

ఆ సాయంత్రం చర్చిలో ముఖ్య అతిథి రంగనాయకులు. కేకు ఆయనదే. చర్చికి దారి మా ఇంటి ముందు నుంచే. సలోమి నన్ను ఇంటి మీద ఎత్తలేదు. అటు చూరుకీ ఇటు కరెంటు స్తంభానికీ తాడు కట్టి, సందుకి అడ్డంగా మనిషి మొహానికి ఎదురుగా కట్టింది.

పాస్టరుగారు ముందు, పక్కన రంగనాయకులు, ఫోనుతో ఫొటోలు తీస్తూ శేషుబాబు. వెనక కేకు పెట్టె మోస్తూ ఏలియా. కేకు మోయమని అతన్నే పిలవాలా? పిలుస్తారు. వాళ్ళ బరువులన్నీ మోసేది మేమే కదా.

సలోమి స్విచ్ వేసింది. అందరూ నా ముందు ఆగిపోయారు.

"అమ్మా సలోమీ," అన్నారు పాస్టరుగారు నెమ్మదిగా, "ఈ ఏడు ఈ ఇంట్లో స్టార్ ఎత్తకూడదు గదా తల్లీ."

"ఎత్తలేదయ్యా. కిందనే కట్టాను. బాబుగారికి చదవడానికి అందాలని."

రంగనాయకులు చదివాడు. ఒక మొన మీద తన నవ్వు, మనిషి దిగనక్కర్లేదన్న మాట. పక్క మొన మీద మనిషి చావు. లోపలి బల్బు వేడి ఆయన మొహానికి తగిలింది.

"పండగ పూట ఇదేందమ్మా? మనసులో బాధుంటే ఆఫీసుకు రావాల."

"వచ్చాగదయ్యా. మీరు లేరన్నారు. మీ గొంతు ఇనపడతానే ఉంది లోపల్నించి."

వెనక ఎవరో పక్కున నవ్వి ఆపుకున్నారు. శేషుబాబు ఫోను దించేశాడు. అప్పుడు ఏలియా కేకు పెట్టె నేల మీద పెట్టాడు. దుమ్ములో, సందు మధ్యలో.

"తాడు నేనే పట్టుకున్నా. అన్న తాగలా," అన్నాడు. "మిషనేదంటే రేపొస్తదన్నారు. దిగాల్సింది నేను. నువ్వు చిన్నోడివి, ఉండరా అని తనే దిగాడు. బుగ్గన లవంగం పెట్టుకుని దిగాడు."

రంగనాయకులు నా కింద నుంచి వంగి అవతలికి వెళ్ళిపోయాడు. కేకు ఆయనే మోసుకోవలసి వచ్చింది.

న్యాయం జరిగిందని రాసుకుంటే బాగుంటుంది. జరగలేదు. మర్నాడు పేపర్లో 'పేటలో ఘనంగా సెమీ క్రిస్మస్' అని వచ్చింది. ఫొటోలో ఒక మూల నా మొన ఎర్రగా, సగం కోసేసి ఉంది. పండగ రోజు అరపేజీలో రంగనాయకులు శుభాకాంక్షలు. ఏలియాని పనిలోంచి తీసేశారు. అతను ఇప్పుడు అరటిపళ్ళ బండి తోస్తున్నాడు. మా ఇంటి ముందు మాత్రం తల ఎత్తుకుని తోస్తాడు. సవరణ రాలేదు.

కొత్త సంవత్సరం దాటగానే పేటలో స్టార్లన్నీ దిగిపోయాయి. నన్ను గుమ్మం పక్కకి జరిపి కట్టారు గానీ దించలేదు. మంచుకి నా ఎరుపు కారిపోయింది. ఇప్పుడు ఎండకి బద్దలు పగులుతున్నాయి. కాకి ఒకటి పురికొస పీక్కుపోయింది. ఆ రెండు వార్త ముక్కలు ఊడినప్పుడల్లా తబితమ్మ మైదా కలుపుతుంది. పాకీ పనికి కొత్తగా కుదిరిన కుర్రాళ్ళు ఇటుగా వెళ్తూ ఆగి, పెదాలు కదుపుతూ చదువుతారు.

సలోమి పని నుంచి వస్తూ టీ కొట్టు దగ్గర ఆ రోజు పేపరు చివరిదాకా తిరగేసి వస్తుంది. గుమ్మంలోకి అడుగుపెట్టగానే మంచం మీద నుంచి ముసలామె అడుగుతుంది.

"వచ్చిందటే సవరణ?"

"రాలేదత్తా."

"అయితే ఎయ్యి."

సలోమి స్విచ్ వేస్తుంది.