సొరపందిరి మీద తలుపు

పందిరి కింద ఊడ్చేటప్పుడు తల పైకెత్తకూడదని, కాపురానికి వచ్చిన మర్నాడే గోపమ్మ కోడలికి చెప్పింది. ఎసట్లో ఉప్పు వేయడం మరవొద్దని చెప్పినంత మామూలుగా చెప్పింది. "కిందికి సూస్కుంట ఊడ్వు. పైన నీకేం పని లేదు." ముత్తమ్మ ఎందుకని అడగలేదు. కొత్త కోడలికి పనులు ఎన్నయినా చెప్పేవాళ్ళు గానీ, ఒక్క కారణం చెప్పాలంటే ఆ ఇంట్లో అందరికీ నోరు నొప్పి.

మోతె దగ్గరి ఆ ఊళ్ళో మిగతావాళ్ళు సొరతీగకు తుమ్మకొమ్మలు పాతి పైన కంప పరుస్తారు. ముత్తమ్మ భర్త సైదయ్య పెరట్లో మాత్రం తీగ టేకు దూలాల మీద పాకేది. పోలీసు యాక్షన్‌కు ముందు ఎండాకాలంలో, రజాకార్లు వస్తున్నారని ఊరంతా కోదాడ దిక్కుకు పారిపోయినప్పుడు, తగలబడిన వాళ్ళ పాత ఇంటి కట్టె అది. సగం కాలిన స్తంభాలు గుంజలయ్యాయి, వాసాలు అడ్డకర్రలయ్యాయి. గడపమాను నీళ్ళ కాలువ మీద పలకైంది; గోపమ్మ దాని మీద కాలు పెట్టదు, చీర కుచ్చెళ్ళు ఎత్తిపట్టుకుని దాటుతుంది. బరువైన కాయలు ఆనడానికి, కాలిన తలుపు ఒకటి పందిరి మూల మీద అడ్డంగా పరిచి ఉంది.

మనిషి కాలి చచ్చిన ఇంటి కట్టె మళ్ళీ ఇంటి కప్పు ఎక్కదు. పొయ్యిలోనూ పెట్టరు. పారేద్దామా అంటే టేకు. ఆచారానికీ పొదుపుకూ మధ్య జరిగిన రాజీలో ఆ ఇల్లు పెరట్లోకి వచ్చి నిలబడింది.

చచ్చిన మనిషి సైదయ్య మొదటి భార్య జానమ్మ. నిండు చూలాలు. అందరూ పోతుంటే రానని మొండికేసింది, లోపల గడియ పెట్టుకుంది, ఎంత పిలిచినా తీయలేదు. ఇది ఆ ఇంట్లో చెప్పే కథ. పెళ్ళిమాటలప్పుడు ముత్తమ్మ తండ్రి మట్టయ్యకు కూడా సైదయ్య ఇదే చెప్పాడు. మట్టయ్య జాలిపడి, పాపం ఎంత అనుభవించాడో అని, మాఘమాసంలో పిల్లనిచ్చాడు. ఆ తర్వాత ఆ కథకు వేరే ఉపయోగం కనిపెట్టారు. నడుం నొప్పిగా ఉంది, నీళ్ళు రేపు మోస్తానని ముత్తమ్మ అంటే, "జానమ్మ గూడ గిట్లనే మొండిది. ఏమైంది మరి?" అనేవాడు సైదయ్య. అన్నం చాలలేదంటే అదే. జ్వరం వచ్చిందంటే అదే. చచ్చిపోయిన ఒక ఆడమనిషిని ఇంత పొదుపుగా, ఏ భాగమూ వృథా పోకుండా వాడుకోవచ్చని ముత్తమ్మకు పెళ్ళయ్యాకే తెలిసింది.

మాపటివేళ బావికి వచ్చే ఆడవాళ్ళు పందిరి పక్కన అడుగులు వేగంగా వేసేవాళ్ళు. లోపలినుంచి ఎవరో తట్టినట్టు చప్పుడవుతుందని, "తలుపు తీయిండ్రి" అన్న మాట కూడా వినబడిందని చెప్పుకునేవాళ్ళు. ముత్తమ్మ కూడా చప్పుడు విన్నది. ఎండ బాగా కాసిన రోజు పొద్దుగూకాక ఎక్కువ వినబడుతుంది, ముసురు పట్టిన రోజు అసలే వినబడదు. ఎండిన కట్టె చల్లబడుతూ చిట్లుతోంది, అంతే. దయ్యానికి ఎండావానలతో ఏం పని అని తనలో తాను నవ్వుకుంది. అయినా ఆమెకు భయం వేసే చోటు ఒకటి ఉంది. ఆ ఇంటి కొడవలి జానమ్మది. పారిపోయే గత్తరలో ఎవరో చేతపట్టుకుని పోవడం వల్ల మిగిలింది. దాని పిడి మీద జానమ్మ బొటనవేలు ఏళ్ళ తరబడి అరగదీసిన చిన్న గుంట ఉంది. పశువుల మేతకు గడ్డి కోసేటప్పుడు ముత్తమ్మ బొటనవేలు ఆ గుంటలో సరిగ్గా కూర్చునేది. తీసి పక్కన పెట్టుకున్నా, నాలుగు పరకలు కోసేలోగా తనంతట తానే అందులోకి జారేది. ఆ ఇంట్లో ఆమెకు ముందే తయారుచేసి పెట్టిన చోటు అదొక్కటే.

ఏడో నెల వచ్చింది. మొదటి కాన్పుకు తీసుకుపోతానని మట్టయ్య మిర్యాలగూడ నుంచి బండి కట్టుకొచ్చాడు. బండిలో మెత్తగా గడ్డి పరిచి, పైన బొంత కూడా వేశాడు.

"తీగె కాపు మీదున్నది మామా," అన్నాడు సైదయ్య. "పొద్దుగాల కాయ తెంపాలె, నీళ్ళు పెట్టాలె, నేను సూర్యాపేట సంతకు మొయ్యాలె. అమ్మకు చేతగాదు. కాపు అయినంక నేనే తోల్కొస్త."

"కాపు అయ్యేదాక ఆగుతదా కాన్పు?" అన్నాడు మట్టయ్య.

"గీడ పురుడు పోసుకుంటే ఏమైతది? గది ఉన్నది, మా అమ్మ ఉన్నది."

మట్టయ్య మజ్జిగ తాగి, పైకండువాతో మూతి తుడుచుకుని, ఉత్త బండి తోలుకుని వెళ్ళిపోయాడు. ముత్తమ్మను ఎవరూ ఏమీ అడగలేదు. ఆ పూట కూడా ఆమె కాయలు తెంపింది.

కొత్త ఇంటి వెనక గదికి గోపమ్మ అప్పుడే పురిటి గది అని పేరు పెట్టింది. దాని తలుపుకు బయటివైపు ఇనుప గొలుసు ఉంది, అది కూడా పాత ఇంటిదే. కట్టెకే గానీ ఇనుముకు పట్టింపు లేదట. అగ్గిలో పడితే అదే శుద్ధి అట. ఆ గొలుసులో మిగతావాటికంటే పెద్ద కడియం ఒకటి ఉంది. పాతది తెగితే ఎప్పుడో కమ్మరి వేసిన అతుకు. గదిలో పెట్టిన వడ్లబస్తాల కోసం రోజూ తీసి వేసే గొలుసే కాబట్టి, చేత్తో తడిమినా ఆ కడియం ముత్తమ్మకు తెలుస్తుంది.

తండ్రి వెళ్ళిన మూడో రోజు మధ్యాహ్నం, పందిరి కింద ఊడుస్తుంటే నడుంలో పోటు వచ్చింది. చీపురు వదిలేసి గుంజకు ఆనుకుంది. ఆనుకున్నా ఆగలేదు. ఆ చల్లటి మట్టి మీద వెల్లకిలా పడుకుంది. పెళ్ళయినప్పటినుంచి పగటిపూట ఆమె నడుం వాల్చడం అదే మొదలు. పడుకున్న మనిషి కళ్ళు ఎటు చూడాలో ఏ అత్తా శాసించలేదు. పైకి చూసింది.

సరిగ్గా పైన తలుపు. కాలిన ముఖం కిందికి ఉంది. ఆ ముఖం పైకి పెట్టి తీగ కప్పేయమన్నాడట సైదయ్య. కానీ కాలిన వైపు పైకి ఉంటే వాననీళ్ళు పీల్చి కుళ్ళిపోతుందని, పందిరి వేసిన వడ్రంగి వడ్ల గౌరయ్య తిరగేసి వేశాడు. అది మంచి పనితనం. కాదనడానికి సైదయ్యకు చెప్పుకోదగ్గ కారణం దొరకలేదు. అందుకే కోడలి తల కిందికి వంచవలసి వచ్చింది.

తలుపు బొగ్గులా నల్లగా, మొసలి చర్మంలా పగుళ్ళు దేరి ఉంది. ఆ నలుపు మధ్య ఒక సన్నని గొలుసు గోధుమరంగులో మెరుస్తోంది. గొలుసు కాదు, గొలుసు మచ్చ. ఇనుము కప్పిన మేర కట్టె కాలలేదు. ఒక్కో కడియమూ విడివిడిగా అచ్చు దిగింది. నడుమ ఒకటి పెద్దది.

ముత్తమ్మ ఆ మచ్చ వెంట చూపు కదిపింది. తలుపు తిరిగే బొడిపెల్లో ఒకటి బరువు మోసి అరిగి నున్నగా ఉంది, అంటే అది కింది కొస. మచ్చ రెండో కొసకు, పై కొసకు పోతోంది. గొలుసు తీసి ఉంటే కిందికి వేలాడుతుంది, మచ్చ కిందికి పడాలి. ఇది నిటారుగా పైకి, ద్వారబంధానికి కొట్టిన కొండి ఉండే చోటికి సాగి ఉంది. అంటే అగ్గి పడ్డప్పుడు ఆ గొలుసు కొండికి తగిలించి ఉంది. బయటినుంచి.

దయ్యాన్ని నమ్మడంలో ఒక సుఖం ఉంది. దయ్యముంటే తప్పు చచ్చినవాళ్ళది అవుతుంది. ఆ సుఖం ఆమెకు ఎప్పుడూ లేదు గానీ, ఇప్పుడు దాని విలువ తెలిసింది. కడుపులో బిడ్డ కదిలింది. గోడ అవతల కొత్త గదికి అదే గొలుసు వేలాడుతోంది.

"పండుకున్నవా?" గోపమ్మ గొంతు. "పొద్దు ఏడికొచ్చిందో సూసినవా ముత్తమ్మా?"

"అత్తా, జానమ్మ లోపల్నించే గడియ పెట్టుకున్నదా?"

గోపమ్మ కోడలి చూపు వెంట పైకి చూసింది. వెంటనే దించుకుంది. కాలువ గట్టు మీద, గడపమానుకు తగలకుండా, మెల్లగా కూర్చుంది.

"నొప్పులు మొదలైనయి దానికి," అంది. "నడవలేదు. ఒకటే అరుసుడు. బండ్లన్నీ అప్పటికే పోయినయి. గొలుసేస్తే ఇల్లు ఖాళీ అనుకుంటరు, లోపలికి రారు, రేపొచ్చి తీసుకపోదం అన్నడు నీ మొగడు. అన్నది వాడు. ఏసింది నేను."

"మరి?"

"ఖాళీ అనే అనుకున్నరు. అందుకే అగ్గిపెట్టిన్రు."

తీగ మీద ఏదో పురుగు గీపెడుతోంది. ముత్తమ్మ మోచేతుల మీద లేచి కూర్చుంది.

"పుట్టింటికి ఎందుకు పోలేదు ఆమె?"

"వాళ్ళన్న వచ్చిండు తీస్కపోనీకి. పెసర ఏరేది ఉండె అప్పుడు." గోపమ్మ పెద్ద సొరకాయల వైపు చూసి ఆగిపోయింది.

"మరి మొండిదని ఎందుకన్నరు అత్తా?"

"ఏదో ఒకటి అనాలె గద బిడ్డా, నలుగురు అడిగితే."

ముత్తమ్మకు కోపం రాలేదు. కోపం కంటే స్పష్టమైనది ఏదో వచ్చింది. ఇన్ని నెలలుగా తను దాటకూడని గీతలా చూపించిన ఆ మొండితనం ఎవరిదీ కాదు. తట్టీ తట్టీ, పిలిచీ పిలిచీ, తెరుచుకోని తలుపు ముందు మిగిలిన ఒక మనిషి మీద తర్వాత తీరిగ్గా అంటించిన మాట అది.

"నా పురుడు ఈ ఇంట్ల కాదు. రేపు మోతె దాక నడిచి పోత, ఆడ ఏదన్న బండి దొర్కుతది."

"వాడు పోనియ్యడు."

"అడగను."

కొడవలి అందుకుంది. బొటనవేలు గుంటలో కూర్చుంది. ఈసారి తీయలేదు. పందిరి మూల తీగను, కాయలతో సహా, మొదలంటా కోసింది. అమ్మకానికి సిద్ధంగా ఉన్న కాయలు ధబ్బుమని మట్టిలో పడ్డాయి. రాతితొట్టి అంచు మీదికి ఎక్కి, తలుపును కట్టిన నారతాళ్ళు ఒక్కొక్కటే తెంపింది. దాన్ని దించి, కంచెకు ఆనించి, బావి దారి వైపు తిప్పి నిలబెట్టాలి. పొద్దున నీళ్ళకు వచ్చే ప్రతి ఆడమనిషీ తలుపుకు గొలుసు వేసి వేసి అరిగిన చేతుల మనిషే. ఆ మచ్చ ఎటు పోతోందో ఒకరు విప్పి చెప్పనక్కరలేదు.

ఒక కొస కిందికి జారింది. టేకు తలుపు, కాలినా బరువే. నడుం పట్టేసింది. పళ్ళు బిగించి రెండో కొస కోసం చెయ్యి చాచింది. ఆ కొస అప్పటికే లేచి ఉంది. అవతల గోపమ్మ, ఆ నల్లటి ముఖం తన రొమ్ముకు తగిలి చీర మసిబారుతున్నా వదలకుండా, పట్టుకుని నిలబడింది. ముత్తమ్మ జారిన కొసను ఎత్తి పట్టుకుంది. క్షమించానని అనుకోలేదు. ఆ బరువుకు ఇద్దరు కావాలి, అంతే అనుకుంది.

సంత నుంచి సైదయ్య ఉత్త గంప నెత్తిన బోర్లించుకుని వచ్చాడు. నేలపాలైన తీగ చూశాడు, పగిలిన కాయలు చూశాడు, వాటి తర్వాత గానీ తలుపు చూడలేదు. చూశాక గంప దించడం మరిచిపోయాడు.

"ఏం జేస్తున్నరే?" అన్నాడు.

ముత్తమ్మ నోరు తెరవబోయింది. ఆమెకంటే ముందు, కొడుకు వైపు చూడకుండానే, గోపమ్మ చెప్పింది.

"తలుపు తీస్తున్నం."